ముక్కు బాబాయి నూలు తాడు

ఆ చమురుశుద్ధి కర్మాగారంలో ఆయనను కన్నవారు పెట్టిన పేరుతో పిలిచేవారు జీతాల విభాగంలో తప్ప మరెక్కడా లేరు. మేనేజరు మొదలుకొని గేటు కాపలాదారు వరకు అందరికీ ఆయన ముక్కు బాబాయి. ముక్కు పెద్దదైనందువల్ల ఈ బిరుదు రాలేదు. అది ముఖానికి తగినంత ముక్కే. కళ్లకు గంతలు కట్టి నాలుగు సీసాలు ముందు పెడితే, ఇది కిరోసిన్, ఇది డీజిల్, ఇది ఓడల ఆయిల్, ఇది మాత్రం ఎవరో కాళ్లు తుడుచుకున్న గుడ్డ పిండిన నీళ్లు అని తడుముకోకుండా చెప్పగల నేర్పు చేత వచ్చింది.

ఆయన ఉద్యోగం ట్యాంకుల నుంచి నమూనాలు తీయడం. శుద్ధి అయిన చమురు ట్యాంకుకు చేరిన తరువాత అది అమ్మకానికి తగినదా కాదా అని ప్రయోగశాల తేల్చవలసి ఉంటుంది. ప్రయోగశాల ట్యాంకు ఎక్కదు, ట్యాంకు ప్రయోగశాలకు నడిచి రాదు. ఈ రెంటికీ నడుమ రాయబారం నడిపేది బాబాయి. అందుకు ఆయన దగ్గర ఒక ఇత్తడి డబ్బా ఉండేది. దాని మూతికి ఒక బిరడా, ఆ బిరడాకూ డబ్బా పిడికీ కలిపి కట్టిన పొడవాటి నూలు తాడు. డబ్బాను ట్యాంకులోకి దించి, కావలసిన లోతు చేరగానే తాడును ఒక్క గుంజు గుంజితే బిరడా ఊడి చమురు నిండుతుంది. చూసేవారికి బావిలో చేద వేసినంత తేలిక. ఆ గుంజుడులోని ఒడుపు తెలియక ఎందరో ఖాళీ డబ్బాలు పైకి లాగి నవ్వులపాలైన సందర్భాలున్నవి.

ఈ డబ్బాను గూర్చి ఆ కర్మాగారంలో ఒక ఆచారం స్థిరపడినది. ఏ కొత్త ట్యాంకు నుంచి గాని, ఏ కొత్త యూనిట్ నుంచి గాని వచ్చిన చమురుకు తొలి నమూనాను బాబాయి ఆ ఇత్తడి డబ్బాతోనే తీయాలి. మేనేజరు స్వయంగా డబ్బాను చేతికి అందించాలి. నిండిన డబ్బా పైకి రాగానే కింద నిలుచున్నవారు చప్పట్లు కొట్టాలి. ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. అయినా పుస్తకంలోని ఏ నిబంధనా ఇంత శ్రద్ధగా అమలు జరిగినట్టు దాఖలా లేదు. ఆ డబ్బాతో తీసిన తొలి నమూనా అంతవరకు ఒక్కటీ తప్పలేదు గనుక, పైవారు కూడా ఎందుకొచ్చిన గొడవ అని కాదనలేదు.

పూర్వం ఎవరో అరువు తీసుకొని సొట్ట పెట్టిన నాటి నుంచి బాబాయి డబ్బానూ తాడునూ సంచిలో వేసుకొని ఇంటికే తీసుకుపోయేవారు. తత్ఫలితంగా ఆయన రాకను ఆయన కంటే ముందు ఆ సంచి చాటింపు వేసేది. ఆయన వీధి మలుపు తిరగగానే వంటింట్లో ఉన్న భార్య తల ఎత్తకుండానే టీ గిన్నె పొయ్యి మీద పెట్టేది.

"వచ్చారా? ఆ సంచి లోపలికి తెచ్చారో, ఇవాళ నేను బయట, మీరు లోపల!"

"ఇంకా గుమ్మం ఎక్కలేదే!"

"గుమ్మం ఎక్కేదాకా ఆగాలా? గాలి ఇటే వీస్తోందిగా. కాళ్లు చేతులు కడుక్కుని రండి. సబ్బు రెండుసార్లు."

పెరటి గోడకు ఆమె ఒక మేకు కొట్టించింది. సంచికి అదే చోటు, అంతకు మించి ఒక్క అడుగు లోపలికి అనుమతి లేదు. పెళ్లయిన కొత్తలో ఈ వాసనకు ముక్కు మూసుకున్న ఆ ఇల్లాలు, కాలక్రమంలో దానిని భర్త గొంతులాగే గుర్తుపట్టసాగింది. పనిలో అందరికీ ఆయన బాబాయి గనుక ఆమె అందరికీ పిన్ని. ఆమె తమ్ముడు అదే కర్మాగారంలో పంపుల ఇల్లు నడిపే ఆపరేటరు. బావను ఆటపట్టించడం అతనికి రెండవ ఉద్యోగం.

ఇట్లు సాఫీగా సాగిపోతున్న కాలంలో ఇంధనాల ప్రమాణాలు మారినవి. డీజిల్‌లో సహజంగా ఉండే గంధకం బండ్లలో మండి, పొగలో కలిసి, ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. అందువల్ల పదిలక్షల పాళ్లలో ఐదువందల పాళ్ల గంధకం వరకు చెల్లుబాటైన డీజిల్, ఇకపై పది పాళ్లు మించితే చెల్లదని ఉత్తర్వు వెలువడినది. ఇంతలో కర్మాగారం ముందున్న నీటికి అవతలి ఒడ్డున మరొక కర్మాగారం లేచింది. ఆకారంలో దీనికి పదింతలు. అది పుట్టుకతోనే కొత్త ప్రమాణానికి తగినట్టు కట్టబడినది. రాత్రివేళ దాని దీపాలు చూసి ఇవతలి ఒడ్డువారు దిష్టి పెట్టకపోలేదు.

పాత కర్మాగారంలో మేనేజరు అందరినీ క్యాంటీను ముందు సమావేశపరిచారు. చుట్టుతిప్పుడు మాటలు ఆయనకు అలవాటు లేవు.

"చూడండి, పెద్దవాళ్లతో ధరలో పోటీ పడలేం. మనం దగ్గరున్నాం, చిన్న చిన్న లోడ్లు కూడా ఇవ్వగలం. బస్సులవాళ్లకి అదే కావాలి. కానీ డీజిల్‌లో గంధకం తియ్యకపోతే వాళ్లు మన గేటు తొక్కరు. అప్పుడు ఈ ట్యాంకుల్లో అవతలివాళ్ల చమురు దాచిపెట్టుకుని, అద్దె తీసుకుంటూ కూర్చోవాలి."

"అంటే మన రిఫైనరీ అద్దె కొంప అవుతుందన్నమాట," అన్నాడు బావమరిది.

"అయితే నువ్వు అందులో వాచ్‌మన్‌వి," అన్నారు మేనేజరు. అందరూ నవ్వారు గాని, ఆ నవ్వు ఎవరి గొంతూ దాటి కిందికి దిగలేదు.

తరువాత కర్మాగారం నడుము బిగించింది. ఓడలు కూడా కొనడం మానుకున్న నల్లని మడ్డి చమురు తయారీని తగ్గించారు. ఆ ఖాళీ స్థలంలో కొత్త యూనిట్ లేచింది. దాని లోపల డీజిల్‌ను బాగా వేడి చేసి, హైడ్రోజన్ వాయువుతో కలిపి, మందు గుళికల వంటి గుళికలు నింపిన పెద్ద గొట్టంలో నుంచి పంపుతారు. గంధకం డీజిల్‌ను విడిచి హైడ్రోజన్ చెయ్యి పట్టుకొని వెళ్లిపోతుంది. వెళ్లినదానిని మరో చోట పట్టి గడ్డ కట్టిస్తే పసుపుపచ్చని రాళ్లవుతుంది. దానిని ఎరువుల తయారీదారులు కొంటారు. ఇన్నేళ్లూ పొగగా పోయినది గుట్టగా కూర్చుండడం చూసి బాబాయి ముక్కున వేలేసుకున్నారు.

"ఇంతా మన డీజిల్‌లోనే ఉందంట్రా?"

"నీ చొక్కాలో ఉన్నది ఇంకా కలపలేదు బావా," అన్నాడు బావమరిది.

కొత్త యూనిట్‌తో పాటు కొత్త నమూనా సామాను కూడా వచ్చింది. ప్రయోగశాల అధికారిణి బాబాయిని పిలిపించి, గాజుసీసా, దానిని పట్టి ఉంచే ఉక్కు పంజరం, తెల్లని నూలు తాడు చుట్టలు చూపించింది. ఆమె నవ్వడం ఎవరూ చూడలేదు. కోపపడడం కూడా చూడలేదు. ఫలితం మంచిదైనా చెడ్డదైనా ఒకే ముఖంతో చెప్పడం ఆమె అలవాటు.

"బాబాయ్, ఇకనుంచి ఇవే వాడాలి. తాడు ఒక్కసారి వాడి పారెయ్యాలి."

"ఒక్కసారికే పారెయ్యాలా? బంగారం లాంటి తాడు! అలా చేస్తే సంసారాలు నిలుస్తాయా తల్లీ?"

"సంసారం సంగతి నాకు తెలీదు. శాంపిల్ నిలవాలి."

బాబాయి తల ఊపి సామానును తీసుకుపోయి, కాగితాల చుట్టలు కూడా విప్పకుండా తన బీరువాలో భద్రపరిచారు. మంచి వస్తువును వాడి పాడుచేయడం ఆయన వంశంలో లేదు.

యూనిట్ నడిచి, కొత్త డీజిల్‌తో మొదటి ట్యాంకు నిండినది. ఆచారం ప్రకారం అందరూ ట్యాంకు కింద చేరారు. ప్రయోగశాల అధికారిణి మాత్రం యంత్రం సిద్ధం చేసుకుంటూ ప్రయోగశాలలోనే ఉండిపోయింది. మేనేజరు ఇత్తడి డబ్బాను రెండు చేతులతో అందించారు. బాబాయి మెట్లెక్కి, డబ్బాను దించి, తాడు గుంజి, నిండిన డబ్బాను పైకి తీశారు. చప్పట్లు మోగినవి. కొత్త యూనిట్ ఇంజినీరు ఈలవేశాడు కూడా. అతడు వయసులో చిన్నవాడు, ఉత్సాహంలో మరీ చిన్నవాడు.

ప్రయోగశాల నుంచి ఫలితం వచ్చింది. పద్నాలుగు.

పది మించరాదు. అధికారిణి అదే నమూనాను మళ్లీ పరీక్షించింది. మళ్లీ పద్నాలుగే. ఫలితాన్ని తన మామూలు ముఖంతోనే చెప్పి, బాబాయిని అడిగింది.

"శాంపిల్ జాగ్రత్తగానే తీశారు కదా?"

"నా చేత్తోనే తీశానమ్మా," అన్నారు బాబాయి. అది అక్షరాలా నిజం. ఆ చెయ్యి ఎన్నడూ తప్పలేదన్నది అందరికీ తెలిసిన నిజం. కనుక ఆమె ఆ పైన అడగలేదు.

మరునాడు మరొక నమూనా తీశారు. అదే చెయ్యి, అదే డబ్బా. ఈసారి పద్దెనిమిది.

ఇక రభస ప్రారంభమైనది. యూనిట్ దగ్గర అమర్చిన కొలత యంత్రం ఏడు పాళ్లు అని చూపుతున్నది. ట్యాంకులో పద్దెనిమిది. నడుమ ఉన్నవి గొట్టాలు మాత్రమే. యూనిట్ ఇంజినీరు గొట్టాల ఇంజినీరు మీద పడ్డాడు.

"నేను మీకు పాలు పోశాను. మీరు పాత గొట్టాల్లో కల్లు కలిపారు."

"నా గొట్టాలు కడిగించాను. మీ కొలత యంత్రమే కొత్త కోడలు, మామగారు వింటున్నారని తీయగా మాట్లాడుతోంది."

"అయితే కవాటం కారుతోందేమో చూడండి!"

"కారేది కవాటం కాదు, మీ తెలివి!"

కవాటాలు విప్పారు, బిగించారు. ట్యాంకు అడుగున మిగిలినదేమైనా ఉన్నదా అని చూశారు. పంపుల ఇంట్లో బావమరిది చేత గొట్టాలన్నీ కొత్త డీజిల్‌తో కడిగించారు. మూడవ నమూనా పన్నెండు చూపినది. తగ్గినందుకు సంతోషించాలో, పదికి దిగనందుకు ఏడవాలో ఎవరికీ తోచలేదు. ప్రతిసారీ ఒక్కో అంకె రావడం అందరికంటే ఎక్కువగా అధికారిణిని వేధించింది. చమురు ఒకటే, యంత్రం ఒకటే, అంకె మాత్రం ఊసరవెల్లి.

బస్సుల సంస్థ కొనుగోలు అధికారిణి స్వయంగా వచ్చి చూస్తానని కబురు పంపింది. శనివారం మధ్యాహ్నంలోగా ట్యాంకు నెగ్గకపోతే ఆమె అవతలి ఒడ్డుకు వెళ్లి ఒప్పందం రాసుకుంటుంది. యూనిట్ ఆపి, ఆ పెద్ద గొట్టం తెరిచి, గుళికలు తీసి చూద్దామని మేనేజరు నిశ్చయించే స్థితికి వచ్చారు. ఒకసారి తెరిస్తే మళ్లీ నడవడానికి వారాలు పడుతుంది. అప్పటికి బస్సులు అవతలి చమురు తాగి అలవాటు పడిపోతాయి.

ఆ వారమంతా బాబాయి ఇంట్లో అన్నం సరిగా తినలేదు. "అద్దె కొంప" అన్న మాట ఆయనకు పంటి కింద రాయిలా తగులుతూనే ఉన్నది. యౌవనమంతా ఎక్కి దిగిన ట్యాంకులలో ఎవరిదో చమురు, తాను వాటికి కాపలా. ఆ ఊహే ఆయనకు గిట్టలేదు.

శనివారం తెల్లవారిన తరువాత ఆయన ముఖం కడుక్కొని తువ్వాలుతో తుడుచుకుంటుండగా పెరటిలో నుంచి ఒక కేక వినవచ్చింది. అది పిన్ని గొంతు. ఆ గొంతు ఆ స్థాయికి వెళ్లిందంటే ఇంట్లో పాలైనా పొంగి ఉండాలి, మొగుడైనా తప్పు చేసి ఉండాలి. పొయ్యి మీద పాలు లేవు.

"ఏమండీ! ఇలా రండి! వచ్చి చూడండి మీ ఘనకార్యం!"

తెల్లని దుప్పటి ఒకటి తీగ మీద ఆరుతున్నది. తెల్లవారుజామున గాలి తిరిగి, దాని అంచు ఎగిరి, మేకుకు వేలాడుతున్న సంచి మీద పడింది. సంచి మూతి నుంచి తాడు కొస ఒకటి బయటికి తొంగి చూస్తున్నది. అంచు మీద గోధుమరంగు చార ఒకటి, సన్నగా.

"నేను ముట్టుకోలేదే!" అన్నారు బాబాయి.

"మీరు ముట్టుకోకపోతే మీ తాడు ముట్టుకుంది. పట్టుకుని చూడండి. అంచే తగిలిందండీ, అంచు! దుప్పటి మొత్తం డీజిల్ కొట్టు. రెండుసార్లు ఉతికాను పొద్దున్నే, పోతేనా!"

"కాస్త అంచు తగిలితే దుప్పటంతా ఎలా వస్తుందే?"

"ఎలా వస్తుందంటే? నా పెళ్లి నాటి నుంచి తాగుతోంది ఆ తాడు! పిండితే మీ రిఫైనరీ మొత్తం కారుతుంది దాంట్లోంచి. కొత్తది ఇస్తే వాడుకోవచ్చుగా!"

బాబాయి దుప్పటి అంచును ముక్కు దగ్గరకు తీసుకున్నారు. డీజిల్ మాత్రమే కాదు. ఓడల ఆయిల్ ఉంది. మడ్డి ఉంది. బజారులో ఎక్కడా దొరకని పాతకాలపు చమురు కూడా ఉంది. ఆయన ముక్కు ఒక్కొక్కటిగా గుర్తుపట్టుకుంటూ పోయింది. తరువాత సంచిలో నుంచి తాడును తీసి, ఎండలో పట్టుకొని, చివర చూశారు. కొసన ఒక నల్లని బొట్టు కూడుకొని, వేలాడి, టపుక్కున పడింది. సరిగా అక్కడే, పైకి లాగినప్పుడు డబ్బా తెరిచిన మూతి ఉండే చోట.

ఆయన పెరటి మెట్టు మీద కూలబడ్డారు.

"ఏమైందండీ? దుప్పటికేం లెండి, ఇంకోసారి ఉతుకుతాను!" అన్నది పిన్ని, భయపడి.

"ఐదువందల కాలంలో ఆ బొట్టు ఎవరికీ లెక్కలేదే," అన్నారు బాబాయి నెమ్మదిగా. "పది కాలంలో ఆ బొట్టే కొండ." ఆపైన ఆయనకు నవ్వు వచ్చింది. మొదట ముక్కులో నుంచి, తరువాత పొట్టలో నుంచి. పిన్ని ఆయన నుదురు తాకి చూసింది. జ్వరం లేదు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం! ఇంజినీర్లు ఒకళ్ల గొంతు ఒకళ్లు పట్టుకున్నారు. మీ తమ్ముడు గొట్టాలు కడిగి కడిగి నడుం పట్టేసి పడుకున్నాడు. దొంగని నేనే రోజూ భుజాన వేసుకుని తిప్పుతున్నాను!"

"అయితే వెళ్లి చెప్పండి మరి, ఇక్కడ కూర్చుని నవ్వుతారేం?"

ఈ మాటతో నవ్వు ఆగింది. వెళ్లి చెప్పడమంటే ఏమి చెప్పడమో ఆయనకు అప్పుడు తోచింది. కాగితం కూడా విప్పని కొత్త సామాను బీరువాలో ఉన్నది. "నా చేత్తోనే తీశాను" అని తాను అన్న మాట ఉన్నది. అన్నిటినీ మించి ముక్కు బాబాయి డబ్బా ఎన్నడూ తప్పలేదన్న పేరు ఉన్నది. ఆయన సంచికేసి కాసేపు చూసి, భుజాన వేసుకొని, టీ కూడా తాగకుండా బయలుదేరారు. ఆయన టీ మానడం ఆ ఇంట్లో అదే మొదలు.

మేనేజరు గదిలో సభ తీరి ఉన్నది. ఇద్దరు ఇంజినీర్లు చెరో మూల, ప్రయోగశాల అధికారిణి కిటికీ దగ్గర, కుర్చీలో బస్సుల సంస్థ కొనుగోలు అధికారిణి. బావమరిది నడుముకు పట్టీ కట్టుకొని గుమ్మం దగ్గర నిలుచున్నాడు.

"యూనిట్ ఆపేస్తున్నాం. పన్నెండింటికి," అంటున్నారు మేనేజరు.

"ఆపకండి సార్," అన్నారు బాబాయి గుమ్మంలో నుంచే. లోపలికి వచ్చి సంచిని బల్ల మీద ఉంచి, తాడును బయటికి తీశారు.

రెండు నిమిషాలలో ఆ గది వాసనతో నిండిపోయింది. గొట్టాల ఇంజినీరు కిటికీ తెరిచాడు. కొనుగోలు అధికారిణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏంటి బాబాయ్ ఇది?" అన్నారు మేనేజరు.

"దొంగ సార్. దొరికాడు. యూనిట్‌లో లేడు, గొట్టాల్లో లేడు, నా సంచిలో ఉన్నాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మా ఆవిడ దుప్పటి పట్టేసింది."

ఆయన వరుసగా చెప్పారు. తాడు చమురులోకి దిగడం, పైకి లాగుతుండగా పాత చమురు కారి తెరిచిన మూతిలో పడడం, ఒక్కోసారి ఒక్కో బొట్టు గనుక ఒక్కోసారి ఒక్కో అంకె రావడం. చివరగా అధికారిణి వైపు తిరిగి, కొత్త సామాను బీరువాలో కాగితం కూడా విప్పకుండా ఉన్నదని, ఆమె అడిగినదానికి తాను సమాధానం తప్పించుకున్నానని చెప్పారు.



"నేను శాంపిల్ జాగ్రత్తగా తీశారా అని అడిగాను," అన్నది ప్రయోగశాల అధికారిణి నెమ్మదిగా. "దేంతో తీశారు అని అడగాల్సింది. అది నా తప్పు."

"తప్పుల పంపకంలో నా వాటా మర్చిపోకండి," అన్నారు మేనేజరు తల పట్టుకొని. "ఆ డబ్బాని రెండు చేతుల్తో అందించింది నేను. పైగా చప్పట్లు."

"నేను ఈల కూడా వేశాను సార్," అన్నాడు యూనిట్ ఇంజినీరు.

గొట్టాల ఇంజినీరు ముక్కు మూసుకొనే అన్నాడు: "అంటే నా గొట్టాలు మంచివే అన్నమాట. ఇది ఎక్కడైనా రాసి గోడకి తగిలించండి."

ముందు నవ్వినది కొనుగోలు అధికారిణి. ఆమె నవ్వగా తక్కినవారికి ధైర్యం వచ్చింది. బావమరిది పగలబడి నవ్వి, నడుము పట్టుకొని, "అమ్మో, బావా, నవ్వించకు, చచ్చిపోతాను!" అన్నాడు.

"పన్నెండు కాలేదుగా ఇంకా," అన్నది కొనుగోలు అధికారిణి లేచి. "కొత్త సామానుతో తియ్యండి. నేను కూడా పైకి వస్తాను."

బీరువా తెరిచారు. కాగితాలు చింపారు. చేతులకు శుభ్రమైన తొడుగులు తొడుక్కొని, గాజుసీసాను ఉక్కు పంజరంలో బిగించి, తెల్లని తాడు కట్టారు బాబాయి. ఈసారి మేనేజరు ఏమీ అందించలేదు. చేతులు వెనక్కి కట్టుకొని దూరంగా నిలుచున్నారు. మెట్లు ఎక్కుతూ కొనుగోలు అధికారిణి కమ్మీని గట్టిగా పట్టుకొని కిందికి చూడకుండా అడిగింది.

"మీరు వాసన చూసి చమురు చెప్పేస్తారట కదా? ఇది ఎలా ఉందో చెప్పండి."

సీసా పైకి వచ్చింది. నీళ్లలా తేటగా ఉన్నది. ముందు దానికి మూత బిగించి పక్కన పెట్టి, వాడిన తాడు చివరను బాబాయి ముక్కు దగ్గరకు తెచ్చుకున్నారు. కళ్లు మూసుకున్నారు. మళ్లీ వాసన చూశారు. ఆయన జీవితంలో మొదటిసారి చమురు ఆయనకు ఏమీ చెప్పలేదు.

"దాదాపు వాసనే లేదమ్మా. అంటే బాగుండాలి. ఇక ఈ ముక్కుకి రిటైర్మెంటే. చేసినంత కాలం చేసింది పాపం."

"గులాబీలు వాసన చూడ్డానికి ఉంచండి," అన్నదామె.

"మా ఇంట్లో గులాబీల్లేవమ్మా, మా ఆవిడ ఉంది. ఇన్నాళ్లూ నా వాసనలో ఆవిడ వాసనే తెలీలేదు."

ఆయన ఆ తెల్లని తాడును విప్పి, చుట్టి, చెత్తడబ్బా ముందు నిలుచుని ఒక్క క్షణం తటపటాయించి, కళ్లు మూసుకొని పారవేశారు. ప్రాణం చివుక్కుమన్నది గాని వెనక్కి తీయలేదు.

ప్రయోగశాల తలుపు మూసుకుంది. బయట వరండాలో కర్మాగారంలో సగం మంది చేరారు. ఎవరూ కూర్చోలేదు. యూనిట్ ఇంజినీరు, గొట్టాల ఇంజినీరు ఒకేసారి బీడీ కోసం జేబులు తడుముకొని, అక్కడ నిప్పు నిషిద్ధమని గుర్తు వచ్చి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తలుపు తెరుచుకున్నది. అధికారిణి ముఖం యథాప్రకారం ఉన్నది. అందులో ఎవరూ ఏమీ చదవలేకపోయారు.

"మళ్లీ చూశాను," అన్నది ఆమె. "రెండుసార్లూ ఏడు."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైన తరువాత లేచిన కేకకు గేటు దగ్గర కుక్క మొరిగింది. యూనిట్ ఇంజినీరు గొట్టాల ఇంజినీరును ఎత్తుకొని గిరగిర తిప్పాడు. "నా కొలత యంత్రం కోడలు కాదురా, కూతురు!" "సరే సరే, దించరా బాబూ, కళ్లు తిరుగుతున్నాయ్!" బావమరిది నడుము సంగతి మరచి గెంతి, వెంటనే గుర్తు చేసుకొని గోడ పట్టుకున్నాడు. ఈ హడావుడిలో ప్రయోగశాల అధికారిణి పెదవుల కొసలు కొద్దిగా పైకి లేచినవని ఇద్దరు ముగ్గురు తరువాత చెప్పారు గాని, దానికి వేరే సాక్ష్యం లేదు.

కొనుగోలు అధికారిణి సంతకం చేస్తూ మేనేజరుతో అన్నది: "అవతల ఏదన్నా అడిగితే జవాబు రావడానికి నెల పడుతుంది. ఇక్కడ జవాబు బల్ల మీదకి వచ్చి పడింది. వాసనతో సహా." ఆ ఒప్పందం ప్రకారం సోమవారం నుంచి ఊరి బస్సులు ఆ కర్మాగారం గేటు తొక్కినవి. ఇప్పటికీ తొక్కుతున్నవి. అవతలి ఒడ్డు దీపాలు యథావిధిగా వెలుగుతున్నవి. ఇవతలివారు వాటిని ఇప్పుడు కేవలం అందంగా ఉన్నాయని చూస్తున్నారు.

ఆచారం మాత్రం పోలేదు. మేనేజరే పోనివ్వలేదు. తొలి నమూనాకు ఇప్పుడు ఆయన బాబాయికి కొత్త తెల్లని తాడు చుట్టను రెండు చేతులతో అందిస్తారు. చప్పట్లు మాత్రం ప్రయోగశాల తలుపు తెరుచుకున్న తరువాతే. ఇత్తడి డబ్బాను తోమి మెరిపించి క్యాంటీనులో చెంచాలు వేసుకోవడానికి పెట్టారు. ఎన్నిసార్లు తోమినా అందులో నుంచి తీసిన చెంచాతో టీ కలిపితే కొద్దిగా ఓడల ఆయిల్ రుచి వస్తుందని బావమరిది వాదన. దీనిని మరెవరూ ధ్రువీకరించలేదు.

ఆ శనివారం సాయంత్రం బాబాయి సంచి లేకుండా ఇంటికి నడిచారు. భుజం తేలికగా ఉండి, నడక కుదరలేదు. జేబులో కాగితపు పొట్లం ఒకటి ఉన్నది. వీధి మలుపు తిరిగినా ఇంట్లో గిన్నె చప్పుడు వినబడలేదు. గుమ్మం ఎక్కారు. లోపలికి వెళ్లారు. పిన్ని పొయ్యి వైపు తిరిగి ఏదో కూనిరాగం తీస్తున్నది. ఆయన వెళ్లి వెనకాల నిలుచున్నారు.

పిన్ని గరిట కోసం తిరిగి, కెవ్వుమన్నది.

"అమ్మో! ఎప్పుడొచ్చారు? దొంగలా ఆ రావడమేంటి!"

"మామూలుగానే వచ్చాను."

"మామూలుగా వస్తే నాకు తెలీదా?" ఆమె దగ్గరకు వచ్చి ఆయన భుజం వాసన చూసింది, చొక్కా చెయ్యి వాసన చూసింది, తల పైకెత్తి చూసింది. "సంచేది?"

"తీసేశారు. ఏడొచ్చింది."

ఆమెకు అంకెలతో పని లేకపోయినా ఆయన ముఖం చూసి అంతా తెలిసిపోయింది. కొంగుతో కళ్లు ఒత్తుకొని, "కూర్చోండి, టీ పెడతాను. పొద్దున్నది కూడా బాకీ ఉంది," అన్నది. ఆయన పొట్లం విప్పి, పసుపుపచ్చని గంధకపు పెళ్ల ఒకటి ఆమె చేతిలో పెట్టారు.

"ఇన్నాళ్లూ మన ఇంట్లో తిష్ట వేసింది ఇదే. చూడు."

పిన్ని జంకుతూ ముక్కు దగ్గర పెట్టుకొని, ఆశ్చర్యపడింది. "దీనికి అంత వాసనే లేదండీ!"

"ఒంటరిగా మంచిదేనే. సావాసం వల్ల చెడిపోయింది."

"మిమ్మల్ని చేసుకున్న నాలాగా," అన్నదామె. తరువాత టీ గిన్నె పొయ్యి మీద పెడుతూ ఆలోచించి, ఉత్తర్వు జారీ చేసింది. "ఇదిగో, ఇంట్లోకి మనిషి వస్తే తెలియకపోతే నా గుండె ఆగుతుంది. రేపట్నుంచి వీధి మలుపు తిరగగానే దగ్గండి."

ఆయన ఈ ఉత్తర్వును నేటి వరకు తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. మలుపు దగ్గర నిలబడి రెండుసార్లు గట్టిగా దగ్గుతారు. లోపల గిన్నె పొయ్యి ఎక్కుతుంది. మొదట్లో ఇరుగుపొరుగువారు జాలిపడి తలా ఒక దగ్గు మందు తెచ్చి ఇచ్చారు. బాబాయి ఒక్కొక్క సీసా మూత తీసి, వాసన చూసి, ఏది తేనెతో చేసినదో, ఏది పాతబడినదో, తడుముకోకుండా చెప్పి తిరిగి పంపించారు.